మూత తీసి పెట్టిన బొట్టు

"మా నాయిన చెయ్యి ఎందుకు పట్టుకున్నవ్? గదొక్కటి చెప్పు, చాలు."

పొద్దున లేచిన దగ్గర్నుంచి శేఖర్ అడుగుతున్నది ఇదే. సంధ్యారాణి పొయ్యి దగ్గర నిలబడి ఉప్మా కలుపుతోంది. ఉప్మా ఎప్పుడో అయిపోయింది. గరిటె పక్కన పెడితే మొగుడి ముఖం చూడాల్సి వస్తుందని కలుపుతూనే ఉంది.

"నిన్న భానుమూర్తి ఫోన్ జేసిండు. 'ఏం శేఖరూ, మీ ఇంట్ల కోడండ్లు మామల చేతులు పట్టుకుంటరా' అని ఒకటే నవ్వుడు. గాయినకు నేనేం చెప్పాలె?"

భానుమూర్తిది వాళ్ల వాచీల రిపేరు దుకాణం పక్కనే కళ్లద్దాల దుకాణం. అద్దాలు అమ్మీ అమ్మీ ఆయనకు అన్నీ ఉన్నదానికంటే కాస్త పెద్దవిగానే కనిపిస్తాయి. కానీ ఈసారి పాపం ఆయన కల్పించిందేమీ లేదు. దిల్‌సుఖ్‌నగర్ సందులో, పట్టపగలు, బేరానికి వచ్చినవాళ్లు చూస్తుండగా సంధ్యారాణి మామగారు అంతయ్య మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపింది. ఆయన ముందు ఏనాడూ గొంతు పెంచని కోడలు, ఇంట్లో ఆయన కూర్చుని ఉంటే గోడవారగా నడిచే కోడలు!

ఆయన చెయ్యి విడిపించుకుని, షట్టర్ దించేసి ఇంటికి వచ్చేశాడు. అప్పటినుంచి ఎల్బీ నగర్‌లోని ఆ ఇంట్లో టీవీ తప్ప ఎవరూ మాట్లాడటం లేదు.

"జర క్షమించమని అడుగు. కాళ్లకు మొక్కు. అయిపోతది" అన్నాడు శేఖర్, గొంతు తగ్గించి. మంచివాడే. కాకపోతే ఏ గొడవైనా అన్నం వేళకల్లా తేలిపోవాలంటాడు.

"తప్పు జేస్తే అడుగుత."

"అంటే తప్పు కాదా?"

సంధ్య గరిటె పక్కన పెట్టింది. చెప్పాలంటే ఒక్క మాటే. ‘మీ నాయిన చెయ్యి ఒణుకుతున్నది.’ ఆ మాట తన నోటి నుంచి వస్తే ఆయన ఇక ఆ దుకాణంలో కూర్చోలేడు. దిల్‌సుఖ్‌నగర్‌లో వాచీ ఏదైనా మొరాయిస్తే అంతయ్య దగ్గరికి పొమ్మంటారు. ఆయనకున్నదల్లా ఆ పేరే.

దుకాణంలో ఆయన పక్కనే కూర్చుని పని నేర్చుకుంటూ కొన్ని నెలలుగా ఆమె చూస్తూనే ఉంది. సన్నటి పట్టకారులాంటి చిమటాతో పట్టిన చిన్న మర ఉండుండి జారిపోయేది. ఆయన కిందికి వంగి వెతుక్కునేవాడు. "మామయ్యా, నాకు అలవాటు కావాలె, ఇది నేను జేస్త ఇయ్యుండ్రి" అని సన్నపని ఒక్కొక్కటే తన ముందుకు లాక్కుంది. ఆయనా ఏమీ ఎరగనట్టే ఇచ్చేవాడు. ఇద్దరి మధ్యా ఆ సంగతి ఎన్నడూ మాటల్లోకి రాలేదు.

వేదవతమ్మగారి వాచీ ఒక్కటే ఆయన ఎవరికీ ఇవ్వనన్నాడు. "ఇది నేనే జేస్త" అన్నాడు మొండిగా.

వేదవతమ్మ కొత్తపేటలో ఉంటుంది. వాళ్లది కాకినాడ వైపు. భర్త బాపిరాజు కుర్రతనంలో వాలీబాల్ ఆడి గెలిస్తే, ఆయన చదివిన కాలేజీవాళ్లు బహుమతిగా ఇచ్చిన వాచీ అది. వెండిరంగు డయల్ మీద కాలేజీ పేరు, కింద జట్టు పేరు, చీమ కాళ్లంత సన్నటి నల్లని అక్షరాల్లో అచ్చు వేయించారు. ఎప్పుడో ఆగిపోయి బీరువాలో పడి ఉన్న ఆ వాచీని ఆమె భర్తకు తెలియకుండా తెచ్చి ఇచ్చింది. రేపే ఆయన షష్టిపూర్తి. చేతికి పెట్టి ఆశ్చర్యపరచాలని ఆమె ముచ్చట.

మెషిన్ పని అంతా అయింది. డయల్ విడిగా తీసి, గాజు మూత కింద భద్రంగా పెట్టి ఉంది. దసరానాడు ఇంటిల్లిపాదీ దుకాణంలో పనిముట్లకు పూజ చేశారు. మర్నాడు మూత ఎత్తి చూస్తే, సరిగ్గా ఆ అక్షరాల మీద ఎర్రగా కుంకుమబొట్టు!

"మూత తీసిపెట్టింది నువ్వే గదా?" అని అంతయ్య కోడలి మీద మండిపడ్డాడు. మూత పెట్టి ఉండగానే ఆమె అందరికంటే ముందు ఇంటికి వెళ్లింది. ఆ మాట చెబితే వేలు ఇంకెవరి వైపు తిరుగుతుందో ఆమెకు తెలుసు. ఊరుకుంది. ఆ కంగారులో ఆయన దూది తడిపి డయల్ తుడవబోయాడు. తడి తగిలితే ఆ పూత లేచిపోతుంది, అక్షరాలు దూదికి అంటుకుని వచ్చేస్తాయి. ఈ సంగతి ఆమెకు నేర్పింది ఆయనే. దూది పట్టుకున్న చెయ్యి ఒకటే వణుకు. అప్పుడు పట్టుకుంది ఆయన మణికట్టు.

"ఆమెను ఏమనకు" అన్న మాట వినిపించి ఇద్దరూ తిరిగి చూశారు. వంటింటి గుమ్మంలో అంతయ్య. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఉన్నాడు. "ఇగ దుకాణానికి రావొద్దు. అంతే. ఇంట్లనే ఉండమను."

ఎదురుగా ఉన్న తనతో అనకుండా కొడుకుతో చెప్పించడం ఇంకా నొప్పిగా తగిలింది సంధ్యకు. దేవుడి అర దగ్గర కూర్చున్న అత్త రాములమ్మ అటు తిరిగి ఒత్తులు చేసుకుంటూనే ఉంది. చేసినవే విప్పి మళ్లీ చేస్తోంది.

"రాను మామయ్యా" అంది సంధ్య. "గా డయల్ ఒక్కటి నన్ను జెయ్యనియ్యుండ్రి. తర్వాత మీరు రమ్మన్నా రాను."

అంతయ్య జవాబు చెప్పేలోగా ఆయన జేబులో ఫోన్ మోగింది. వేదవతమ్మ. ఆమె ఫోన్‌లో మాట్లాడితే స్పీకర్ అక్కర్లేదు.

"అంతయ్యగారూ, వాచీ సిద్ధమైందాండీ? సాయంత్రం నేనే వస్తానండీ. మా ఆయనకి అనుమానం వచ్చేసింది, బీరువా అంతా వెతికేస్తున్నారు! ఆ అక్షరాలు అలాగే ఉన్నాయి కదండీ? ఆయనకి వాచీ కంటే అవే ముఖ్యం."

అంతయ్య గొంతు సవరించుకున్నాడు. "ఉన్నయమ్మా. రాండ్రి. తయారుగుంటది."

ఫోన్ జేబులో పెట్టేశాడు. మాట అయితే ఇచ్చేశాడు. చెప్పులేసుకుంటూ గోడకు చెప్పినట్టు అన్నాడు, "రా."

"నేను గూడ ఒస్త" అన్నాడు శేఖర్.

ఒత్తులు పక్కన పడేసి రాములమ్మ లేచింది. "నేను గూడ."

అలా ఆ రోజు మెట్రోలో నలుగురూ ఒకే పెట్టె ఎక్కి, ఒకరికొకరు తెలియనివాళ్లలా తలోవైపు చూస్తూ దిల్‌సుఖ్‌నగర్‌లో దిగారు.

* * *

దుకాణం అంటే మేడమెట్ల కింద మిగిలిన జాగా. ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. కుటుంబం మొత్తం కదిలి రావడం చూసి భానుమూర్తి పక్కనుంచి తొంగిచూశాడు. శేఖర్ ఆయనకు వీపు అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఉదయం నుంచి అతను చేసిన మొదటి మంచిపని అదే.

అంతయ్య తన స్టూల్ మీద కూర్చున్నాడు. దీపం వెలిగించాడు. కంటికి భూతద్దం పెట్టుకున్నాడు. చిమటా అందుకున్నాడు.

చిమటా కొన టేబుల్ మీది పళ్లెం అంచుకు తగిలి టకటకమని సన్నగా చప్పుడైంది. ఆయన తీసి మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ అదే చప్పుడు. శేఖర్ ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తుందా అని చూశాడు. అర్థమయ్యాక తండ్రి చేతి మీంచి చూపు తిప్పుకున్నాడు.

"వెలుతురు చాలుతలేదు" అన్నాడు అంతయ్య.

ఆయన అద్దం తీసి పక్కన పెట్టి, మెల్లగా లేచి స్టూల్ ఖాళీ చేశాడు.

"కూసో. ఒక్క అక్షరం పోయినా మల్ల గీ గడప తొక్కొద్దు."

"తొక్కను" అంది సంధ్య.

చేతులు కడుక్కుని, బట్టతో తుడుచుకుని, గాలికి ఆరనిచ్చింది. వేళ్లకు రబ్బరు తొడుగులు ఎక్కించుకుంది. చర్మం మీద ఎంత శుభ్రమైనా ఒక జిడ్డు ఉంటుంది. డయల్‌కు తగిలితే అప్పటికి కనిపించదు, నాలుగు నెలలకు వేలిముద్ర నల్లగా తేలుతుంది. డయల్‌ను అంచులతో మాత్రమే పట్టుకుని, దాని వెనక ఉండే సన్నటి కాళ్లను చెక్కదిమ్మె రంధ్రాల్లో దింపింది. ఇక దాన్ని చేత్తో పట్టుకోనక్కర్లేదు.

సాయం చేద్దామని కాబోలు, శేఖర్ ముందుకు వంగి బొట్టు మీద ఉఫ్‌మని ఊదబోయాడు.

"నోటితోని ఊదొద్దు!"

మామా కోడలూ ఒకేసారి అరిచారు. శేఖర్ బెదిరిపోయి ఒక్క గంతులో వెనక్కి వెళ్లి మెట్టుకు తల కొట్టుకున్నాడు. నోటిగాలిలో తడి ఉంటుందనీ, ఉమ్మి తుంపర పడ్డచోట చుక్క మిగిలిపోతుందనీ అతనికి ఎవరు చెప్పారు గనుక! వాచీలవాడి కొడుకై పుట్టి సెల్‌ఫోన్‌లో తప్ప టైము చూడని మనిషి.

అంతయ్య పెదవుల చివర ఏదో కదిలింది. నవ్వే అయ్యుండాలి. సంధ్య చూడనట్టు తల దించుకుంది.

చిమటాను పక్కకు జరిపి ఆమె అత్తవైపు తిరిగింది. అసలు గండం ఇప్పుడే ఉంది. ఈ ఒక్కటి తెలియకుండా ముందుకు పోయేందుకు లేదు.

"అత్తమ్మా, ఒకటి అడుగుత. కోపం జేసుకోవద్దు. బొట్టు తడిపి పెట్టినవా? పొడిదా?"

బయట రోడ్డు మీద బస్సు హారన్ అదే పనిగా మోగింది.

"అమ్మనా?" అన్నాడు శేఖర్.

"మీదికెల్లి రాలిపడ్డదనుకున్న నేను" అన్నాడు అంతయ్య.

రాములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తడైతే ఒక తీరు జెయ్యాలె, పొడిదైతే ఒక తీరు" అంది సంధ్య మెత్తగా. "తప్పు పట్టుటానికి అడుగుతలేను."

"పొడిదే, బిడ్డా. తడి తగలొద్దని మీ మామ ఎప్పుడు చెప్తనే ఉంటడు గదా. వేలు తుడుచుకోని, పొడి కుంకుమనే పెట్టిన." రాములమ్మ కొంగు కొసను వేలికి చుట్టుకుంది. "మూత మీద పెడితే మూతకే మొక్కినట్టయితదని… తీసి లోపటనే పెట్టిన. గీ ఒక్క పనిల ఈయన చెయ్యి అదరొద్దని మొక్కుకున్న."

అంతయ్య ఆమె వైపు తిరిగాడు. "నా చెయ్యా?"

"నాకు తెల్వదనుకున్నవా? ఎన్నొద్దులకెల్లి నీకు చాయ సగం గ్లాసే పోస్తున్న, ఎందుకనుకున్నవ్? నిండుగ పోస్తే ఒలుకుతదని. ఒలికితే నువ్వు చిన్నబోతవని."

అంతయ్య పక్కనున్న గోడకు ఆనుకున్నాడు. కోడలికి తెలుసు. భార్యకు తెలుసు. ఇంకెవరికీ తెలియదనుకుని ఇన్నాళ్లూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగింది ఆయనొక్కడే. ఒక్క ఇంట్లో ఉంటూ ముగ్గురూ ఒకే సంగతిని ఒకరి నుంచి ఒకరు దాచుకున్నారు. శేఖర్ కళ్లు తుడుచుకుంటూ, తల నొప్పెడుతోందన్నట్టు మెట్టు తగిలిన చోట రుద్దుకున్నాడు.

"మామయ్యా, మొదలుపెట్టాల్నా?" అంది సంధ్య.

"పెట్టు" అన్నాడు ఆయన. ఈసారి గోడకు కాదు, ఆమెకే చెప్పాడు.

గాలి కొట్టే రబ్బరు బుడ్డి తీసుకుని, పక్కనుంచి వాలుగా, దూరంగా పట్టి నొక్కింది. పైపైన ఉన్న కుంకుమ ఎర్రటి పొగలా లేచి కాగితం మీద పడింది. మిగిలింది అక్షరాలకు కరుచుకుని ఉంది. పచ్చటి మైనంలా ఉండే జిగురుముద్దను చిటికెడు తుంచి వేళ్ల మధ్య మెత్తగా పిసికింది. దాన్ని నేరుగా అక్షరాల మీద పెట్టలేదు. ముందు డయల్ అంచున, కేసు కింద దాగిపోయే చోట తాకించి తీసి అద్దంలో చూసింది. ముద్ద శుభ్రంగా ఉంది. పూత లేవలేదు.

"గదీ" అన్నాడు అంతయ్య ఊపిరి కింద.

ముద్దకు సన్నటి మొన చేసి బొట్టు అంచును తాకించింది. ఎత్తింది. రుద్దలేదు, లాగలేదు. అంటుకున్న ఎర్రదనాన్ని లోపలికి మడిచి, కొత్త మొన చేసి మళ్లీ తాకించింది. తాకించడం, ఎత్తడం, మడవడం. నల్లటి అక్షరాలు ఒక్కొక్కటే ఎరుపులోంచి బయటికి వచ్చాయి. వెనక నిలబడ్డ ముగ్గురి ఊపిరీ ఆమె మెడ మీద తగులుతోంది. చెమట చుక్క ముక్కు కొసకు జారబోతే రాములమ్మ చటుక్కున కొంగుతో అద్దింది.

అంతా పోయాక కూడా జట్టు పేరు దగ్గర లేత గులాబీ నీడ ఒకటి మిగిలింది.

"జర తడి జేస్తే?" అన్నాడు శేఖర్.

"నువ్వు ఊకో" అంది రాములమ్మ.

సంధ్య అద్దం పెట్టుకుని వంగి చూసింది. వెండి పూతలో నిలువునా వెంట్రుకల్లాంటి గీతలున్నాయి. వాటి మధ్య దూరిన పొడి అది. మరక కాదు. మరక కానంతవరకూ దిగులు లేదు. ముద్దను పలుచగా నొక్కి, గీతలకు అడ్డంగా పోకుండా వాటి వెంబడే ఒత్తి ఎత్తుతూ వచ్చింది. ఆఖరుసారి ముద్ద ఎత్తేసరికి దానికేమీ అంటలేదు.

స్టూల్ వెనక్కి జరిపి, "చూడుండ్రి మామయ్యా" అంది.

అంతయ్య కంటికి అద్దం పెట్టుకుని వంగాడు. కాలేజీ పేరు చదివాడు. జట్టు పేరు చదివాడు. దిమ్మెను దీపం కింద ఇటు తిప్పించి చూశాడు, అటు తిప్పించి చూశాడు. వేలిముద్ర కోసం వెతికాడు, గీత కోసం వెతికాడు. లోపం దొరికితే బాగుండునన్నంత పట్టుగా వెతికాడు.

"లేదు" అన్నాడు లేస్తూ. "ఏం లేదు. ఇయ్యాల్నే ఫ్యాక్టరీలకెల్లి వచ్చినట్టున్నది."

శేఖర్ ఈల వేశాడు. సందులో పోయేవాళ్లు తిరిగి చూశారు. వేస్తే వేశాడు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు వేస్తాడు!

డయల్‌ను మెషిన్ మీద కూర్చోబెట్టి, ముళ్లు ఎక్కించి, కేసులో దింపి మూసేసరికి సాయంత్రమైంది. వేదవతమ్మ పట్టుచీర చెంగు చుట్టుకుని ఆటో దిగుతూనే చెయ్యి చాపింది. అంతయ్య వాచీ అందించాడు.

ఆమె కళ్లజోడు పెట్టుకుని డయల్ చూసింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నది. మళ్లీ చూసింది. పెదవులు కదుపుతూ ఆ సన్నటి అక్షరాలన్నీ చదువుకుంది.

"ఏం పనితనమండీ అంతయ్యగారూ! అందుకే అంటారు అందరూ, మీ చెయ్యే చెయ్యి అని!"

సంధ్య తల దించుకుని పళ్లెంలో మరలు సర్దుతోంది. ఆమెకు ఈ మాట కొత్త కాదు. కొన్ని నెలలుగా తను చేసిన పనులన్నిటికీ ఈ పొగడ్త ఆయనకే వెళ్తోంది. పోనీ, ఇదీ వెళ్లనీ అనుకుంది. పక్కదుకాణంలోంచి భానుమూర్తి మెడ చాచి వింటున్నాడు.

"నా చెయ్యి కాదమ్మా" అన్నాడు అంతయ్య.

వెనక్కి కట్టుకున్న చేతిని ముందుకు తెచ్చి, కౌంటర్ మీద, వెలుతురు కింద పెట్టాడు. అది వణుకుతోంది. దాచుకోలేదు.

"నాది గిట్లున్నది. నిన్న గీ చేతితోనే మీ డయల్ తుడిచి ఖరాబు జేస్తుంటి. మా కోడలు చెయ్యి పట్టుకోని ఆపింది. అందరి ముందట ఆపింది. ఇయ్యాల సాఫ్ జేసింది గూడ ఆమెనే. కొంత కాలంకెల్లి నా పేరు మీద పోయే సన్నపనంతా ఆమెదే." ఆయన భానుమూర్తి వైపు తిరిగి గొంతు పెంచాడు. "విన్నవా భానుమూర్తీ? ఫోన్ జేసి చెప్పుకో!"

భానుమూర్తి తల చప్పున లోపలికి పోయింది.

వేదవతమ్మ కౌంటర్ మీదుగా చెయ్యి చాపి సంధ్య గడ్డం పట్టుకుంది. "ఏమ్మాయ్, ఇంత పని చేసి మూగదానిలా కూర్చున్నావేం? రేపు నువ్వు రావాలి. ఆయన చేతికి వాచీ పెట్టేటప్పుడు పక్కన నువ్వుండాలి. ఇదిగో అబ్బాయ్, మీ ఆవిణ్ణి తీసుకురాకపోయావో, చూడు మరి!"

"తీస్కొస్తనమ్మా" అన్నాడు శేఖర్. అని భార్యవైపు చూశాడు. పొద్దున్నుంచి అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. ఇప్పుడు క్షమించమని అడగాల్సింది ఎవరో కూడా తెలిసింది. "సంధ్యా…" అని ఆగిపోయాడు.

"ఇంటికి పోయినంక జెప్పు. కాళ్లకు మొక్కుడు ఒద్దులే" అంది సంధ్య. రాములమ్మ కొంగు చాటున నవ్వింది.

ఆటో వెళ్లిపోయింది. సంధ్య గుండె ఉప్పొంగుతోంది. అంతయ్య స్టూల్‌ను కాలితో ఆమె వైపు జరిపాడు.

"రేపటిసంది నువ్వే కూసో. నేను మాట్లాడి బేరాలు తీస్కుంట."

ఇంతకంటే ఆమెకు కావలసింది ఏముంది! అయినా సంధ్య కూర్చోలేదు. వేళ్ల తొడుగులు ఒక్కొక్కటే ఊడదీసి పళ్లెంలో పెట్టింది.

"కూసోను మామయ్యా."

"ఏందీ?"

"ముందుగాల దవాఖానకు పోదాం. చెయ్యి చూపిచ్చుకుందాం. మీరు ఒస్తనంటేనే నేను కూసుంట. లేకుంటే మీరు పొద్దున చెప్పినట్టే, ఇంట్లనే ఉంట."

సూది మందంటేనే జ్వరమొచ్చే మనిషి అంతయ్య. ఆయన ముఖంలో సంతోషం ఆరిపోయింది. "గదీ గిదీ ఒకటి కాదు" అన్నాడు.

"నాకు ఒకటే" అంది సంధ్య.

రాములమ్మ వచ్చి కోడలి పక్కన నిలబడింది. శేఖర్ ఇంకోపక్కన నిలబడ్డాడు.

అప్పుడే ఎవరో పెద్దమనిషి మెట్ల దగ్గర చెప్పులు విడిచి, చేతి వాచీ విప్పి కౌంటర్ మీద పెట్టాడు. నలుగురు మనుషులను, మధ్యలో ఖాళీగా ఉన్న స్టూల్‌ను చూశాడు.

"లోపటికి చెమ్మ పోయింది. ఎవరు చూస్తరు?"

ముగ్గురూ అంతయ్య వైపు చూశారు. దవాఖానకు వస్తానని ఆయన అంటే తప్ప ఆ స్టూల్ నిండదు.